సూదులు వేయిస్తే చింతమాను పోతుందా?

ఈసారి ఉత్తరం రాజాం దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

రాసినావిడకు ఇద్దరు పిల్లలు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు నాలుగు. భర్త చెన్నైలో తాపీమేస్త్రీ. సంక్రాంతికీ, ఊరి పండక్కీ తప్ప ఇంటికి రాలేరు. ఈవిడ అత్తగారితో ఉంటారు, పక్క వాటాలో బావగారి కుటుంబం ఉంటుంది. ఇంటి వెనక కల్లం గట్టున పెద్ద చింతమాను. దాని నిండా గబ్బిలాలు. పగలంతా తలకిందులుగా వేలాడి, మునిమాపు వేళ గుంపులుగా తోటల మీదికి లేచిపోతాయి. మామగారు బతికుండగా ఆ చెట్టు మీద ఎవర్నీ రాయి వేయనిచ్చేవారు కాదట. అత్తగారిదీ అదే పట్టింపు. గబ్బిలాలు వాలిన చెట్టు అమ్మవారి చెట్టనీ, అవి లేచిపోతే ఇంటికి అరిష్టమనీ ఆవిడ నమ్మకం.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ చెట్టు మీంచి గబ్బిలం ఒకటి కింద పడింది. బాబు కొబ్బరిచిప్పలో నీళ్లు పట్టుకెళ్లి, దానికి తాగిద్దామని చేత్తో ఎత్తాడు. అది వాడి కుడిచేతి చూపుడువేలు పట్టేసింది. విదిలించుకుంటే రెండు సన్నటి గాట్లు పడి, బొట్టు రక్తం వచ్చింది. పక్కనే ఉన్న పాప దాని రెక్క నిమిరింది. అత్తగారు వచ్చి వేలికి పసుపూ సున్నం అద్దారు. సాయంత్రానికి గబ్బిలం చచ్చిపోతే పారతో గొయ్యి తీసి పూడ్చేశారు. ‘ఏటైపోద్దే? గబ్బిలం కరిసి సచ్చినోడు మనూర్లో ఉన్నాడేటి?’ అన్నారట. మర్నాడు ఈవిడ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే టీటీ ఇంజెక్షన్ వేసి, కుక్క కాదు కదా, భయం లేదని పంపించేశారు.

ఆ రాత్రి నుంచి ఫోన్‌లో రేబిస్ గురించి చదవడం మొదలైంది, నిద్ర పోయింది. ఉత్తరం రాసేనాటికి పన్నెండు రోజులు. ‘బాబు నీళ్లు తాగుతుంటే గుటక పడుతోందా లేదా అని గొంతు వంకే చూస్తున్నాను’ అని రాశారు. ఈలోగా సంగతి బావగారి చెవిన పడింది. ఆ మాను కొట్టించేద్దాం, పంచాయతీలో నేను చెప్తానని ఆయన పట్టుబట్టారు. ‘ఇప్పుడు నేను బాబుకి సూదులు వేయిస్తే గబ్బిలాలకి జబ్బుందని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. చెట్టు పోతే అత్తయ్య జన్మలో నా మొహం చూడరు. వేయించకపోతే నాకు నిద్ర లేదు. అసలు ఇప్పటికే లేటయిపోయిందా? మా ఆయనకి ఇంకా చెప్పలేదు.’

ఇదీ ఉత్తరం.

అమ్మా, మీ మెయిల్ అందిన రోజే క్లుప్తంగా జవాబిచ్చాను. చెయ్యి దాటిపోలేదు, రేపే ఇంకో డాక్టరుకు చూపించండి అని. మిగతాది తీరిగ్గా ఇప్పుడు రాస్తున్నాను. నేను పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, పిల్లల వైద్యుణ్ణి కాను. ఈ జబ్బును పశువుల్లో దగ్గరగా చూశాను కాబట్టి అది ఒంట్లో ఎలా నడుస్తుందో చెప్పగలను. బాబు విషయంలో ఆఖరి మాట మాత్రం వాణ్ణి చూసిన డాక్టరుదే.

మీ ఉత్తరంలో రెండు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. బాబు వేలిది ఒకటి, చింతమానుది ఇంకొకటి. మొదటిదానికి గడువుంది, రెండోదానికి లేదు. చెట్టు సంగతి తేలాక బాబు సంగతి చూద్దామనుకుంటే మాత్రం తప్పుతుంది. అందుకని ముందు వేలి సంగతి చూద్దాం.

లేటయిందా అన్నారు. ఈ వైరస్ నడక తెలిస్తే దానికి జవాబు మీకే దొరుకుతుంది. రేబిస్ వైరస్ రక్తంలో పడి ఒళ్లంతా కొట్టుకుపోయే రకం కాదు. జబ్బు ఉన్న జంతువు కరిచినప్పుడు లాలాజలంతో పాటు కండలోకి దిగుతుంది. అక్కడ కొన్నాళ్లు ఉండిపోవచ్చు, కాస్త పెరగనూ వచ్చు. కండకూ నరానికీ కలయిక ఉన్న చోట నరం కొసను పట్టుకుంటుంది. అక్కణ్నుంచి తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడిలా ఆ నరాన్నే పట్టుకుని వెన్నుపాము వైపు, వెన్నుపాము నుంచి మెదడు వైపు పాకుతుంది. రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. అందుకే కాటు పడ్డాక జబ్బు బయటపడడానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలో రావడం, ఏడాది దాటి రావడం రెండూ ఉన్నాయి గానీ అరుదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో ఒకావిడను గబ్బిలం 1996లో కరిస్తే, జబ్బు 27 నెలల తర్వాత, 1998లో బయటపడింది. ఆవిడ బతకలేదు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. వైరస్ నరంలో ఉన్నన్నాళ్లూ మందు వేయడానికి వ్యవధి ఉంటుందన్నదానికి ఇదే సాక్ష్యం. పన్నెండు రోజుల తర్వాత వెళ్లినా, రెండు నెలల తర్వాత వెళ్లినా లక్షణాలు లేనంతవరకు టీకా మొదలుపెడతారు. లేటయింది కాబట్టి వద్దు అనే డాక్టరు ఉండడు, ఉండకూడదు కూడా.

అయితే ఒక్కో చోటుకు ఒక్కో దూరం. వేళ్ల చివర్లలో నరాలు దట్టంగా ఉంటాయి, మొహంలో ఇంకా దట్టం. కాలి పిక్క మీద పడ్డ కాటు కంటే చేతి వేలి మీద పడ్డ కాటు ప్రమాదం. పైగా పిల్లల చెయ్యి ఎంతని! అందుకే వ్యవధి ఉంది కదా అని ఇంకో వారం చూద్దాం అనను.

ఇప్పుడు గబ్బిలం ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మీ భయం సగం అక్కడే ఉంది. మీరు ఫోన్‌లో చదివినది చాలావరకు అమెరికా సంగతి. కుక్కల్లో ఉండే అసలు రేబిస్ వైరస్ గబ్బిలాల్లో ఉన్నది అమెరికా ఖండాల్లోనే. అక్కడ రక్తం తాగే గబ్బిలాలున్నాయి, పురుగులు తినేవి ఉన్నాయి. మన దగ్గర రక్తం తాగేవి లేనే లేవు. మన చింతచెట్ల మీద వేలాడేవి పళ్లు తినే పెద్ద గబ్బిలాలు, రెక్కలు చాపితే నాలుగడుగులు ఉంటాయి. అమెరికా బయట గబ్బిలాల్లో దొరికినవి రేబిస్‌కు దాయాదులైన వేరే వైరస్‌లు. ఒంట్లో వాటి నడక మాత్రం ఇదే తీరు.

చెట్టు మీద గబ్బిలాలు చోటు కోసం, ఆడవాటి కోసం పొద్దస్తమానం కీచులాడుకుంటాయి, కొరుక్కుంటాయి. వాటిలో వాటికి వైరస్ అంటేది ఎక్కువగా అలాగే. కాటు తిన్న ప్రతి గబ్బిలమూ చావదు. కొన్నింటి ఒంట్లో వైరస్ నరాలకు చేరకముందే అణిగిపోతుంది, రక్తంలో దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు మాత్రం మిగులుతాయి. నరం ఎక్కి మెదడు చేరితే మాత్రం దానికీ చావే. గబ్బిలాలు ఈ వైరస్‌ను జన్మంతా హాయిగా మోసుకు తిరుగుతాయని చాలామంది రాస్తారు. అది నిజం కాదు. మెదడులో విపరీతంగా పెరిగాక వైరస్ మళ్లీ నరాల మీదుగానే కిందికి దిగుతుంది. ఈ దిగుడులోనే అసలు గుట్టంతా ఉంది. లాలాజల గ్రంథులకు చేరుతుంది, నాలుకకు చేరుతుంది, కొంత గుండెకూ ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ చేరుతుంది. చలిదేశాల్లో శీతకాలమంతా నిద్రపోయే గబ్బిలాలకు భుజాల మధ్య ఒక రకం గోధుమరంగు కొవ్వు ఉంటుంది, ఒంటికి వేడి పుట్టించేది అదే. అందులో కూడా వైరస్ కనబడింది. అన్ని చోట్లకు చేరినా బయటికి వచ్చే దారి మాత్రం ముఖ్యంగా లాలాజలమే. చిత్రమేమిటంటే, సరిగ్గా అదే సమయానికి మెదడు దెబ్బతిని జంతువుకు కరిచే బుద్ధి పుడుతుంది, గుటక వేయలేక నోట్లో లాలాజలం నిండిపోతుంది.

పశువుల్లో ఇదే చూశాను. గేదె నోటి వెంట చొంగ, గొంతు బొంగురుపోయి ఒకటే అరుపు, నీళ్ల తొట్టి దగ్గర మూతి పెట్టి తాగలేకపోవడం. ఏదో గొంతుకు అడ్డం పడిందనుకుని రైతు మోచేయి దాకా చెయ్యి పెట్టి వెతుకుతాడు. డాక్టర్లు కూడా పెడతారు. తీరా చూస్తే ఆ చొంగలోనే వైరస్ ఉంటుంది. మీరు బాబు గుటక వైపు చూస్తున్నారంటే ఈ వర్ణనలు చదివే ఉంటారు. ఆ కాపలా మానేయండమ్మా. గుటక పడకపోవడం కంటికి కనబడే దశకు వచ్చాక చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఆ దశ రాకుండా చూసే పని ఆసుపత్రిలో ఉంది. తల్లి అలా రెప్పవాల్చకుండా చూస్తుంటే పిల్లాడు నీళ్లు తాగడానికే జంకుతాడు.

ఇంకో మాట. లాలాజలం దారి అన్నాను కాబట్టి మిగతావాటి గురించి అనవసరంగా గాభరా పడకండి. గబ్బిలాల రెట్ట కల్లంలో పడుతుంది, మూత్రం మీద పడుతుంది, వాటి కింద బట్టలు ఆరేస్తారు. వీటివల్ల రేబిస్ రాదు. చచ్చిన గబ్బిలాన్ని అత్తగారు పారతో తీశారు కాబట్టి ఆవిడకూ భయం లేదు. పాప సంగతి మాత్రం వేరు, దానికి తర్వాత వస్తాను.

ఆ గబ్బిలానికి అసలు జబ్బు ఉందా? తెలీదు, ఇక తెలిసే దారీ లేదు. పరీక్ష మెదడు మీద చేస్తారు. తల చితక్కుండా, కళేబరం ఐసులో పెట్టి వెంటనే పంపితే చెప్పగలరు. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట ఆ పని చేస్తారు. ఎండాకాలంలో పన్నెండు రోజులు గోతిలో ఉన్నదాంట్లో తేలేదేమీ ఉండదు. తవ్వొద్దు. కుక్కనైతే పది రోజులు కట్టేసి చూస్తారు, బతికుంటే భయం లేదంటారు. ఆ లెక్క కుక్కకూ పిల్లికే గానీ గబ్బిలానికి పనిచేయదు, పైగా మీది ఆ రోజే చచ్చిపోయింది. బాబు రక్తం తీసి ఇప్పుడే చెప్పేసే పరీక్ష కూడా లేదు. ఎవరైనా ఉందంటే డబ్బులు పోసుకోవద్దు.

కాబట్టి మిగిలింది అంచనా. మే నెల ఎండకు పెద్ద గబ్బిలాలు చెట్ల మీంచి రాలిపడడం మామూలే, మనుషులకు వడదెబ్బ తగిలినట్టే. కరెంటు తీగ తగిలి పడేవీ ఎక్కువే. మీ గబ్బిలం కూడా అలా పడిందే కావడానికి ఎక్కువ వీలుంది. ఆస్ట్రేలియాలో లెక్కలు చూస్తే ఆరోగ్యంగా ఎగిరే గబ్బిలాల్లో వైరస్ ఉన్నవి నూటికి ఒకటి కూడా ఉండవు. అయితే జబ్బుపడి నేల మీద దొరికిన వాటిలో ఆ పాళ్లు పెరుగుతాయి. నేల మీద పడి, పారిపోలేక, చేతికి దొరికిన గబ్బిలం ఎప్పుడూ కాస్త అనుమానించదగ్గదే.

ఇక మీకు ఎదురైన చిక్కు, ఆరోగ్య కేంద్రంలో భయం లేదన్నారు, ఫోన్‌లో భయం ఉందన్నారు. రెండూ గాలి మాటలు కావు. మన దేశంలో గబ్బిలం నుంచి మనిషికి రేబిస్ వచ్చినట్టు ఇంతవరకు గట్టిగా రుజువు కాలేదు. ఇక్కడ ఆ జబ్బుతో పోయినవాళ్లలో దాదాపు అందరూ కుక్కకాటు బాధితులే. అందుకని గబ్బిలం కాటుకు సూదులు అక్కర్లేదనే అభిప్రాయం మన వైద్యుల్లో చాలాకాలంగా ఉంది. మిమ్మల్ని పంపించేసినవాళ్లు నిర్లక్ష్యంతో పంపారని నేననుకోను. మరోపక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ గబ్బిలంతో నేరుగా తాకిడి జరిగితే దాన్ని మూడో కేటగిరీలో, అంటే తీవ్రమైన కాట్ల వరసలో పెట్టింది. మన పెద్ద గబ్బిలం జాతిలోనే, పక్కనున్న శ్రీలంకలో, 2015లో రేబిస్ దాయాది వైరస్ ఒకటి దొరికింది. దానికి గన్నోరువ అని అది దొరికిన ఊరి పేరే పెట్టారు. నాగాలాండ్‌లో పట్టిన గబ్బిలాల్లో కొన్నింటి రక్తంలో రేబిస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి, అంటే వాటికి ఇలాంటిదేదో ఎప్పుడో తగిలింది. రుజువు కాలేదు అంటే లేదు అని కాదు. వెతికింది తక్కువ అని కూడా దాని అర్థం.

మీ ముందున్న దారులు మూడు.

ఏమీ చేయకుండా ఉండొచ్చు. బాబుకు ఏమీ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. కానీ ఆ ‘ఏమీ కాలేదు’ అని నిర్ధారణగా అనుకోవడానికి మీకు కనీసం ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో వాడికి వచ్చే ప్రతి జ్వరమూ, వేలు తిమ్మిరి అన్న ప్రతి మాటా మిమ్మల్ని చంపుకుతింటాయి. ఆ కొద్దిపాటి అవకాశం నిజమైతే వెనక్కి తిరగడానికి దారి లేదు. 2004లో అమెరికాలో విస్కాన్సిన్‌లో జీనా గీస్ అనే 15 ఏళ్ల అమ్మాయి, చర్చిలో కింద పడిన గబ్బిలాన్ని బయట వదులుదామని చేత్తో ఎత్తింది. మీ బాబులాగే మంచికి పోయింది. ఎడమ చూపుడువేలి మీద చిన్న గాటు పడింది. కడిగి వదిలేశారు. నెల దాటాక జబ్బు బయటపడింది. టీకా లేకుండా రేబిస్ నుంచి బతికి బయటపడిన మొదటి మనిషిగా ఆమె పేరు చెబుతారు. ఆ వైద్యాన్నే తర్వాత ఎంతోమంది మీద వాడి చూశారు, ఎక్కువమంది దక్కలేదు. వేలి మీద చిన్న గాటే కదా అని అందరూ అనుకునేటప్పుడు ఈ కథ గుర్తుంచుకోవాలి.

రెండో దారి, టీకా ఒక్కటే వేయించడం. ఊళ్లో సులువుగా అయ్యేది ఇదే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కుక్కకాటు సూది ఉచితంగానే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు రెండు భుజాలకూ వేస్తారు. కండకు వేసే పద్ధతిలో పద్నాలుగో రోజు ఇంకోటి కలుస్తుంది. అత్తగారు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడుతుంటే ఆవిడకు చెప్పండి, ఆ పాత మందు ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటిది చేతికే, కాస్త నొప్పి, ఒకపూట ఒళ్లు వెచ్చబడడం, అంతే. గబ్బిలానికి జబ్బు లేకపోయినా ఈ టీకా వల్ల బాబుకు నష్టమేమీ లేదు. పైగా రేపు ఏ వీధికుక్కో కరిస్తే రెండు డోసులతో సరిపోతుంది. మన ఊళ్లలో అది చిన్న లాభం కాదు. అయితే టీకాతో ఒంట్లో కాపలా తయారవడానికి వారం, రెండు వారాలు పడుతుంది.

ఆ సందును పూడ్చేది మూడో దారి, టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ కూడా వేయించడం. తయారుగా ఉన్న యాంటీబాడీలను గాటు ఉన్నచోట చుట్టూ ఎక్కిస్తారు, నరం కొస పట్టకముందే వైరస్‌ను అక్కడే పట్టుకోవడానికి. తోలు చిట్లి రక్తం వచ్చిన కాటుకు ఇది కూడా వేయాలన్నది నియమం. పన్నెండు రోజుల తర్వాత కూడా, టీకా మొదలు కాలేదు కాబట్టి, దానికి చోటుంది. దీనికి ఇబ్బంది రెండు రకాలు. వేలి కొసన వేస్తే పిల్లాడు గట్టిగానే ఏడుస్తాడు. మామూలుగా పెద్దాసుపత్రుల్లోనే దొరుకుతుంది, కాబట్టి రాజాం నుంచి అటు శ్రీకాకుళమో ఇటు విజయనగరమో బస్సెక్కాలి. ఆ రోజు అది లేదంటే టీకా ఆపకండి. మొదటి డోసు వేయించుకున్న ఏడు రోజుల్లోపు ఇమ్యూనోగ్లోబులిన్ వేయించవచ్చు.

నన్నడిగితే నా మనవడికైతే మూడోది వేయిస్తాను. మీ డాక్టరు బాబును చూసి రెండోది చాలంటే నేను పోట్లాడను. మొదటిది మాత్రం నాకు మింగుడుపడదు.

డాక్టరు దగ్గర ‘గబ్బిలం ముట్టుకున్నాడండి’ అనకండి, ఆ మాటతోనే మళ్లీ పంపించేస్తారు. నేల మీద పడిన గబ్బిలం కరిచింది, తోలు చిట్లి రక్తం వచ్చింది, అది అదే రోజు చచ్చిపోయింది, పరీక్షకు వీల్లేదు, ఇన్ని రోజులైంది, ఇంతవరకు టీటీ తప్ప ఏమీ వేయలేదు. ఇదే వరసలో చెప్పండి. పసుపూ సున్నం సంగతి కూడా దాచకండి. అత్తగారిని దానికి నిందించొద్దు, ఆవిడకు తెలిసింది ఆవిడ చేశారు. ఇకముందు ఏది కరిచినా సబ్బు పెట్టి పావుగంట సేపు ధారగా నీళ్ల కింద కడగాలని, సున్నం, కారం, ఆకుపసరు ఏవీ పెట్టకూడదని మాత్రం ఆవిడకే చెప్పండి. ఇంట్లో అందరికంటే ముందు పరిగెత్తి వచ్చేది ఆవిడే కాబట్టి.

పాపను కూడా వెంట తీసుకెళ్లండి. రెక్క నిమిరిందంతే అంటున్నారు, మీరు ఆ క్షణంలో అక్కడ లేరు. నాలుగేళ్ల పిల్ల గోరు గీరిందా, నాలుక తగిలిందా అని అడిగితే ఎలా అడిగితే అలా తలాడిస్తుంది. గీత ఏదీ కనబడకపోయినా, ఇలా జరిగిందని డాక్టరుకు చెప్పి ఆయన్నే తేల్చమనండి.

ఇప్పుడు చెట్టు. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది. ఆ మాను రెండు వాటాల సరిహద్దులో ఉందనీ, మామగారు పోయాక కల్లం ఇంకా పంచుకోలేదనీ రాశారు. బావగారికి పిల్లాడి మీద ప్రేమ లేదని నేననను. కానీ పన్నెండు రోజుల్లో ఆయన బాబును ఆసుపత్రికి తీసుకెళ్దామని ఒక్కసారి అన్నట్టు మీ ఉత్తరంలో లేదు, చెట్టు కొడదామని నాలుగుసార్లు ఉంది. అత్తగారిదీ అంతే. ఆవిడ భయం గబ్బిలం కాటు గురించి కాదు, చెట్టు పోతుందని. పిల్లాడి వేలు పెట్టుకుని ఇద్దరూ కల్లం గురించి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో మీరు నలుగుతున్నారు.

సూది వేయిస్తే జబ్బుందని ఒప్పుకున్నట్టు కాదు. బండి నడిపేటప్పుడు హెల్మెట్ పెట్టుకున్నవాడు పడిపోతానని సంతకం పెట్టినట్టా? ఈ మాట అత్తగారికి ముందే, ఆసుపత్రికి బయల్దేరకముందే చెప్పండి. ‘చెట్టు జోలికి నేను రాను అత్తయ్యా, బాబు సంగతి మాత్రం నన్ను చూసుకోనివ్వండి’ అంటే ఆవిడ మెత్తబడతారనే నా నమ్మకం. వీలైతే ఆవిడనే వెంట తీసుకెళ్లండి. మనవడి చెయ్యి పట్టుకుని ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న నాయనమ్మ ఇంటికొచ్చాక ఆ సూదుల మీద పేచీ పెట్టదు.

బావగారికి చెప్పాల్సింది వేరు. చెట్టు కొట్టేస్తే గబ్బిలాలు మాయమైపోవు, చెదిరి ఊరి మీద పడతాయి. చెట్టు కూలేటప్పుడు, కూలాక, దెబ్బతిన్నవీ పిల్లలతో ఉన్నవీ నేల మీద దొర్లుతుంటే ఊరి పిల్లలంతా అక్కడే ఉంటారు. ఒక్క బాబు వేలి బదులు పదిమంది వేళ్లవుతాయి. పెరూలో రక్తం తాగే గబ్బిలాల వల్ల పశువులకు రేబిస్ వస్తోందని వాటిని చంపిస్తూ వచ్చారు. జబ్బు వచ్చాక చంపడం మొదలుపెట్టిన చోట్ల అది ఆగకపోగా ఇంకా వేగంగా పాకినట్టు పరిశోధకులు తేల్చారు. ఇది గబ్బిలాల మీద జాలితో చెప్తున్న మాట కాదు, లెక్క. జాలి మాట కూడా కావాలంటే, మన ఏజెన్సీలో ఇప్పపూలకూ బూరుగుచెట్లకూ పుప్పొడి మోసే పనిలో వీటిదీ పెద్ద చెయ్యే. చింతమానంటే మన జిల్లాలో ఉన్న గౌరవం సరేసరి, విజయనగరం పైడితల్లి పండగలో ఊరేగించే సిరిమాను చింతమానే కదా.

చట్టం సంగతి కూడా ఆయన చెవిన వేయొచ్చు. చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం కింద అనుమతి కావాలి. పళ్లు తినే గబ్బిలాలను ఒకప్పుడు చట్టమే ఎలుకలతో పాటు చంపదగ్గ జాబితాలో పెట్టింది, 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు. అయితే మీరే వెళ్లి ఆయన మీద చట్టం ప్రయోగించొద్దు, ఇంటి కోడలిగా మీకే కష్టం. పంచాయతీలో ఎవరైనా పెద్దమనిషి నోటి వెంట వచ్చేలా చూసుకోండి. చెట్టు ఉంచి కూడా చేయగలిగినవి ఉన్నాయి. కల్లం వైపు వంగిన రెండు కొమ్మలు, అవీ గబ్బిలాలు పిల్లల్ని పెట్టే కాలం దాటాక, అనుమతి తీసుకుని నరికించొచ్చు. పిల్లల ఆట ఇంటి ముందుకు మార్చొచ్చు. అత్తగారూ బావగారూ ఇద్దరూ ఒప్పుకోగలిగిన మధ్యేమార్గం అక్కడెక్కడో ఉంటుంది. అది ఈ నెలలోనే తేలాలని లేదు.

మీ ఆయనకు చెప్పండి. చెబితే పని వదిలేసి రైలెక్కుతారని, లేదా ఇన్నాళ్లు దాచావా అని కేకలేస్తారని మీ భయం. రెండూ జరగొచ్చు. కానీ అన్నగారు ఫోన్ చేసి ‘గబ్బిలం కరిచింది, నీ భార్య పట్టించుకోలేదు’ అని తన పద్ధతిలో చెప్పాక మీరు చెబితే దాన్ని సంజాయిషీ అంటారు. మొదటి సూది వేయించి, బయటికి రాగానే ఆసుపత్రి గేటు దగ్గర్నుంచే చేయండి. ‘ఇలా జరిగింది, ఇది చేశాను, ఇంకా మూడుసార్లు రావాలి’ అని చెప్పొచ్చు. ఇవాళే చెప్పకపోతే ఉండలేనంటే ఇవాళే చెప్పండి, ఆయన రావాల్సిన అవసరం మాత్రం లేదు.

బాబును తిట్టొద్దు. దాహంతో ఉన్న జంతువుకు నీళ్లు పట్టుకెళ్లిన పిల్లాడు వాడు. ఈసారి ఏదైనా కింద పడితే ముట్టుకోకుండా దాని మీద గంప బోర్లించి పెద్దవాళ్లను పిలవాలని, నీళ్ల చిప్ప దూరంగా పెట్టి వచ్చేయాలని చెప్పండి. గబ్బిలం కొరికి పడేసిన జీడిపండ్లు, జామకాయలు తినే అలవాటు ఊళ్లో పిల్లలకు ఉంటుంది, దాన్ని కూడా మాన్పించండి. అది రేబిస్ కోసం కాదు. 2018లో కేరళలో కోళిక్కోడ్, మలప్పురం ప్రాంతాల్లో ప్రాణాలు తీసిన నిపా వైరస్‌కు ఇవే పెద్ద గబ్బిలాలు ఆశ్రయం. పంటి గాటు ఉన్న పండు పారేయాలి, మిగతావి కడిగి, తొక్క తీసి తినాలి.

మొదటి డోసు రోజే కార్డు ఇస్తారు, తర్వాతి తారీఖులు దాని మీద రాస్తారు. బడి తెరిచే రోజు వాటిలో ఏదైనా పడితే బడే మానిపించండి, సూది తారీఖు జరపొద్దు. ఆ ఇరవై ఎనిమిదో రోజు సూది చాలామంది ఎగ్గొడతారు, అప్పటికి భయం తగ్గిపోయి ఉంటుంది కాబట్టి. కార్డు ఫోటో తీసి మీ ఆయనకు పంపితే చెన్నై నుంచి ఆయనే గుర్తు చేస్తారు.